డ్రైవర్ సీటు అంచు

అన్నా,

లాక్‌డౌన్ ఎత్తేశారు. ఈ ఉదయం నీ ఆటోను పాలకుర్తి నుంచి జనగామకు మళ్లీ తీశాను. వెనక సీట్లో ముగ్గురినే ఎక్కించాను, అదీ మాస్కులుంటేనే.

మన మల్లయ్య మామ అలవాటుగా వచ్చి డ్రైవర్ సీటు అంచున కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"జర జరుగురా. మీ అన్నయితే అటొకరిని, ఇటొకరిని కూసోబెట్టుకునేటోడు. ఎన్నడన్న కాదన్నడా?" అన్నాడు.

"అనలే మామా. ఊళ్లె అందరికీ జరాలొచ్చినప్పుడు గూడ అనలే. గందుకే అన్న పోయిండు, గీ ఆటో నేను నడుపుతున్న."

మామ వెనక్కి తగ్గాడు. ఇట్లయితే ఈ బండి ఎవరూ ఎక్కరని అడ్డా మీద నవ్వుతున్నారు. ఎక్కకపోతే ఖాళీగానే తిప్పుతాను. నా సీటు అంచున మాత్రం ఎవరినీ కూర్చోనివ్వను.

నువ్వే వచ్చి జరగమన్నా జరగను.