చక్రాల కుర్చీ నాతో తీసుకెళ్తున్నాను

అత్తయ్యా, చక్రాల కుర్చీ కోసం వెతక్కండి. కారులో వేసుకెళ్తున్నాను. వాకర్ మంచం పక్కనే ఉంది. అన్నం, కూర వంటింట్లో బల్ల మీద ఉన్నాయి, అవి మంచం దగ్గరికి రావు. లేచేముందు మంచం అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవండి. ఆ వదులు చెప్పులు పారేశాను, పట్టీలున్నవి వేసుకోండి. కళ్లు తిరిగినట్టుంటే వెంటనే కూర్చుని, మెళ్లో ఉన్న ఫోన్‌తో నన్ను పిలవండి. మీ అబ్బాయి సెలవు పెట్టి వస్తానంటే మాత్రం వద్దని చెప్పండి.

బాత్రూంలో పడ్డా మీ ఎముకలకేం కాలేదు. భయంతో ఇలా కూర్చుండిపోతేనే కాళ్లలో ఉన్న కాస్త సత్తువా పోతుంది. అలా మంచం పట్టిన పెద్దవాళ్లను లేపి నడిపించడమే రోజంతా నా పని. మిమ్మల్ని ఆ వరసలో చేరనివ్వను.

నిన్న మీ అబ్బాయి మంచినీళ్లు చేతికందిస్తుంటే అడ్డుపడ్డానని మొహం ముడుచుకున్నారు. ఆస్పత్రిలో అందరికీ నేను బంగారుతల్లిని, ఇంట్లో మాత్రం గయ్యాళిని. కోడలు రాచిరంపాన పెడుతోందని మీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే వంటింటి గట్టు పట్టుకుని, నిలబడి చెప్పండి.

తలుపు సంగతి మర్చిపోయాను. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, డ్యూటీ నుంచి ఏ వేళకు వచ్చినా తలుపు తీసింది మీరే. సాయంత్రం తాళంచెవి నా బ్యాగులోనే ఉంటుంది, కానీ బయటికి తియ్యను. బెల్లు కొట్టి గుమ్మం ముందు నిలబడతాను. మీరు నెమ్మదిగానే రండి, నాకేం తొందర లేదు.