గొళ్లెం పెట్టని గేటు

అమ్మా,

నీ సంవత్సరికానికి చిన్నమ్మకు పెడదామని ఫోన్లో చీర తెప్పించాను. డెలివరీ అబ్బాయి ఈ పొద్దున గేటు దగ్గరే విప్పి చూపించాడు.

"వద్దు తమ్మీ, రంగు మంచిగ లేదు" అన్నాను.

"సరే అక్కా, రిటర్న్ కొడుతున్న" అని ఫోన్ నొక్కి, చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ "వద్దు" నీ దగ్గర నేర్చిందే. చీరల మూటతో జహంగీర్ భాయ్ మన ఊరు లక్డారం వచ్చినప్పుడల్లా "ఏమొద్దు, పో" అనేదానివి. గేటుకు గొళ్లెం మాత్రం పెట్టేదానివి కాదు. ఆయన నీ మాట వినేవాడు కాదు, గొళ్లెం చూసేవాడు. "కొనకుంటె మానె, జెర సూడు అక్కా" అంటూ వచ్చి అరుగు మీద మూట విప్పేవాడు. మీ బేరం అప్పుడు మొదలయ్యేది. నాన్న ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ఇంటికొచ్చినా తెమిలేది కాదు.

ఇవాళ నేనూ గొళ్లెం పెట్టలేదు. వాకిట్లోనే నిలబడ్డాను. ఆ అబ్బాయి బండి స్టార్ట్ చేసి, వెనక్కి చూడకుండా రుద్రారం వైపు వెళ్లిపోయాడు.

నేరేడు పండు రంగు చీర. బాగానే ఉందమ్మా.