ఎర్తు గుంతకు రెండు బకెట్లు

మహబూబ్‌నగర్,
ఆదివారం.

సత్తమ్మకు,

ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ మాట ఎంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. హాలియాలో మీ అమ్మకు, అదే అత్తమ్మకు, కాలి కట్టు విప్పారని రాశావు, సంతోషం. ఫోన్లో అయితే ఆమె మంచం పక్కనే కూర్చుని మాట్లాడతావు, ప్రతి మాటా ఆమె చెవిన పడుతుంది. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. మోకాలి నొప్పి తగ్గింది. నేను పనిచేసే ఇనుప షెడ్డు వెనక పెట్టిన బీరపాదు సంగతి అడిగావు. నువ్విచ్చిన విత్తనం మంచిది. ఇంత ఎండలోనూ పచ్చగా పాకి రేకుల మీదికి ఎక్కింది. పచ్చడి సీసాలు రెండూ చేరాయి. పెద్ద సీసా మీద 'తమ్మునికి' అని రాసి కట్టావు. చిన్నదాని మీద ఏమీ రాయలేదు. అది నాకేనని నేనే అనుకున్నాను.

ఇక నీ తమ్ముడు మల్లికార్జున్ సంగతి. నీ ఉత్తరం నాలుగు పేజీలైతే మూడు పేజీలు వాడే. మన గదిలో వాడికి నిద్ర పడుతోందా, వాడి మిషన్ ఎందుకు సతాయిస్తోంది, సేటు వాణ్ణి ఏమైనా అంటున్నాడా అని. నా వంతుకు వచ్చింది మోకాలు ఒక్కటే.

వాణ్ణి ఈ షెడ్డులో పనికి పెట్టించింది నేనే. ఇరవై రెండేళ్ళుగా గ్యాస్ కటింగ్ చేస్తున్నవాణ్ణి. సుద్దముక్కతో గీత గీసి ఇనుప ప్లేటు కోస్తే, అంచు మీద వేలు పెట్టి చూసి సేటు కృష్ణకాంత్ తలూపేవాడు. ఇప్పుడు ప్లాస్మా మిషన్ వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ పెడితే అదే కోస్తుంది. దాని ముందు నీ తమ్ముడు చొక్కా నలగకుండా నిలబడతాడు. మొదటి వారమే సేటు అందరి ముందు, "పర్వతాలూ, నువ్వు పొద్దంత కోసేది మీ బామ్మర్ది గంటల కోస్తుండు, జూడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు మాత్రం మండిపోయింది.

ఆ మిషన్ మంట పుట్టించేటప్పుడు కరెంటు అలజడి చాలా లేస్తుందట. అది కంప్యూటర్లోకి దూరకుండా భూమిలోకి దిగిపోవాలి. అందుకని షెడ్డు వెనక ఎర్తు గుంత తవ్వి, రాగి కడ్డీ పాతి, బొగ్గూ ఉప్పూ నింపి, మిషన్ నుంచి మందపాటి రాగి తీగ లాగారు. పాలమూరు నేల సంగతి నీకు తెలుసు, ఎండాకాలం గడ్డపార కూడా దిగదు. గుంత తడిగా ఉంటేనే కరెంటు దిగుతుంది, రోజూ రెండు బకెట్ల నీళ్ళు పోయాలన్నారు. ఆ పని నాకు అప్పజెప్పింది నీ తమ్ముడే. "బావా, జర నువ్వు జూసుకో. నీ మీద ఇడిస్తే నాకు ఫికర్ లేదు" అన్నాడు. వాడు నమ్మకంతోనే అన్నాడు. నన్ను నీళ్ళు మోసేవాణ్ణి చేశాడని నాకనిపించింది.

నెల కింద మిషన్ మొరాయించడం మొదలైంది. స్క్రీన్ వణికేది. కటింగ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోయేది. ప్లేటుకు ఎడంగా నడవాల్సిన, మంట చిమ్మే టార్చి పోయి ప్లేటుకే గుద్దుకునేది. మల్లికార్జున్ తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు, కొన్ని కొత్తవి తెచ్చి వేశాడు. అయినా లాభం లేదు. వాడి ముఖం పీక్కుపోయింది. సేటు కేకలు వేస్తుంటే, అబద్ధం ఎందుకు, నేను హాయిగా పని చేసుకున్నాను. వాడి దగ్గర చెడిన ముక్కలు నేనే మళ్ళీ కోసిచ్చాను. "ఎంతైనా పాతోడే పనోడు" అన్నాడు సేటు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శుక్రవారం మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చి, మీటరు పెట్టి చూసి, గుంత మూత తీయించాడు. లోపల బొగ్గు పొడిపొడిగా ఉంది. "దీనికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది? ఇలా ఎండబెడితే మిషన్ చెడిపోవడమే కాదు, ముట్టుకున్నవాడి ప్రాణం కూడా పోవచ్చు" అన్నాడు.

"గీ పని ఎవలది?" అని సేటు అడిగాడు.

"నాదే సేటూ. మర్చిపోయిన" అన్నాడు నీ తమ్ముడు. సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నాడు సేటు.

సత్తమ్మా, నెల రోజులుగా ఆ నీళ్ళు నేను బీరపాదుకు పోశాను. మరిచిపోయి కాదు. అందరూ చూసేలా గుంత దాకా మోసుకుపోయి, మూత తీయకుండా పక్కకు తిరిగి పాదు మొదట్లో కుమ్మరించాను. మిషన్ సతాయించాలి, వాడు నలుగురిలో చిన్నబోవాలి, అంతే అనుకున్నాను. రోజూ ఆ మిషన్ను ముట్టుకునేది నీ తమ్ముడేనని, వాడి ప్రాణంతో ఆడుకుంటున్నానని నాకు తెలియదు.

సాయంత్రం గదిలో అడిగాను, నా తప్పు నెత్తినేసుకున్నావెందుకని. "మూత దీసినప్పుడు పాదు దిక్కు జూసిన బావా, మొదలంత తడిగ ఉండె. నాకు యాడన్న పని దొరుకుతది. ఈ వయసుల నీకెవలిస్తరు? అక్కకు మాత్రం చెప్పకు" అన్నాడు. సిగ్గుతో చావాల్సింది పోయి, మంచితనంలోనూ వీడు నన్ను దాటిపోయాడే అని మళ్ళీ కుళ్ళుకున్నాను. నీ మొగుడు అలాంటివాడు.

రేపు పొద్దున ఆరు గంటల బస్సుకు వాడు హాలియా వస్తున్నాడు. సెలవు మీద వచ్చానంటాడు, నమ్మకు. ఈ ఉత్తరం అంటించి వాడి చేతికే ఇస్తున్నాను. సేటు పదింటికి వస్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ముందే తెలిస్తే వాడు అడ్డం పడతాడు, అందుకే వాణ్ణి ఊరు దాటిస్తున్నాను. నువ్విది చదివేసరికి నా పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. వాడి పని మాత్రం వాడికి దక్కాలి. వాణ్ణి బట్టల సంచి విప్పనివ్వకు. అన్నం పెట్టి మధ్యాహ్నం బస్సుకే తిరిగి పంపించు.

వాడి చేతిలోని చిన్న సంచిలో ఏడు బీరకాయలున్నాయి. శుక్రవారం నుంచి నీళ్ళన్నీ గుంతకే పోస్తున్నాను, పాదు వాడిపోతోంది. ఇక కాయలు రావు. అవి వాడికే వండి పెట్టు. నాకు ఉంచకు.

ఇట్లు,
చిన్న సీసా తనదేనని అనుకున్న
నీ పెనిమిటి,
పర్వతాలు