బోటోండ్ తెచ్చిన రక్తనాళం

జనవరి 11, సెగెడ్

కబేళా రిపేర్లకని మూసేశారు. పంది రక్తనాళం లేదు, దాని లోపలి పొర కణాలూ లేవు. ముప్పయ్యో తేదీకి ఆ కణాలు పెంచి చూపించకపోతే నా కాంట్రాక్టు పొడిగించరు. ప్రొఫెసర్ విని, ఓపిక పట్టమ్మా అంటూ కాఫీ కలుపుకున్నారు. ఆయనకు వచ్చిన సైన్స్ అదొక్కటే.

జనవరి 13

పక్క బెంచీ బోటోండ్ వాళ్ల ఊళ్లో నిన్న పందిని కోశారట. ఆనవాయితీ ప్రకారం అందరికీ తలా ఇంత సాసేజ్ తెచ్చాడు. నా వాటా ఫ్రీజర్‌లో పడేశాను. నాకు అదనంగా ఐసు పెట్టెలో గుండె దగ్గరి పెద్ద రక్తనాళం. వాళ్ల నాన్న నాకోసమే తీసిపెట్టాడట. మూత తీయగానే గుప్పున ప్లమ్ పండ్ల సారా వాసన. బోటోండ్ పొద్దున్నే మందు కొట్టి వచ్చాడన్నమాట. పల్లెటూరి బుద్ధి ఎక్కడికి పోతుంది!

నాళం చీల్చి, లోపలివైపు బ్లేడుతో గట్టిగా గీకాను. మెల్లిగా గీకు, కిందున్న కండ కూడా ఊడొస్తుంది అని బోటోండ్ సలహా. నెల నుంచీ అవే కణాలు పెంచుతున్నా వాడి డిష్ సగం కూడా నిండలేదు. నాకు చెప్పొచ్చాడు.

జనవరి 19

నావి పెరుగుతున్నాయి!

జనవరి 25

డిష్ నిండింది. ప్రొఫెసర్ మైక్రోస్కోపులో చూసి శభాష్ అన్నారు. ఫోకస్ కుదరలేదని కూడా గమనించలేదు. బోటోండ్ చూసి, కాస్త పొడుగ్గా లేవూ, ఒకదానిమీదొకటి ఎక్కినట్టు లేవూ అని నసిగాడు. కుళ్లు.

జనవరి 28

ఐసు పెట్టె కోసం బోటోండ్ నాన్న డేనెష్ వచ్చాడు. బురద బూట్లతో నేరుగా ల్యాబ్‌లోకి. మావాడు శుభ్రం శుభ్రం అని ప్రాణం తీస్తాడు కదా డాక్టరమ్మా, అందుకే వాడికి కూడా చెప్పకుండా ఆ నాళాన్ని లోపలా బయటా సారాతో కడిగా, నా చేత్తో కాచిన సరుకు, ఒక్క పురుగు బతికుంటే అడుగు, అన్నాడు.

పురుగేమిటి, సారా తగిలాక ఆ లోపలి పొరలో ఒక్క కణం కూడా బతికుండదు.

మరి నా డిష్‌లో ఉన్నవేమిటి? మళ్లీ చూశాను. లోపలి పొర కణాలైతే పొట్టిగా, బండలు పరిచినట్టు ఒకే వరసలో ఉండాలి. ఇవి పొడుగ్గా, ఒకదానిమీదొకటి. కండ. సారా అందని కింది పొర, ఉత్త కండ. నేనే గీకి, నేనే పెంచి, రోజూ చూసి మురిసిపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జనవరి 29

ఇంక్యుబేటర్‌లో నా అరలో బోటోండ్ డిష్ ఉంది. నిండింది. బండలు పరిచినట్టే ఉంది. మూత మీద తన పేరు చెరిపి నా పేరు రాశాడు.

ఎంత వెర్రివాడు!

జనవరి 30

నా పేరు చెరిపి వాడి పేరు రాశాను. ప్రొఫెసర్‌కు నా కండ చూపించాను. కండ అనే చెప్పాను. కాంట్రాక్టు పోయింది.

ఫ్రీజర్‌లో సాసేజ్ మిగిలింది. వేయించుకుని తిన్నాను. దిక్కుమాలిన సాసేజ్, ఎంత బాగుందో.