బందరు లడ్డూకి సరిజోడు

తమ్ముడు గంగాప్రసాద్‌కు,

మీ బావ కోసమని గోవా నుంచి నువ్వు తెచ్చిన సీసా, అదే, బ్రాందీ కలిపిన తియ్యటి ఎర్ర వైన్, మా మామగారి కంటపడింది. ఆయన మద్యనిషేధ సంఘం అధ్యక్షులాయె! భయపడి, ద్రాక్షారిష్టం, అజీర్తికి మందు అనేశాను.

అప్పట్నుంచీ భోజనం కాగానే రెండు మూతలు పుచ్చుకుంటున్నారు. నువ్వేమో చాక్లెట్‌తో బాగుంటుందన్నావు. ఆయన మాత్రం, "చేపల పులుసు ముందు ఇది నిలవదమ్మాయ్, బందరు లడ్డూకైతే సరిజోడు" అని తేల్చేశారు.

నిన్న ఉయ్యూరు సభలో తాగుబోతుల మీద గంటసేపు నిప్పులు చెరిగి ఇంటికొచ్చి, "మందు అయిపోయిందమ్మా, మీ తమ్ముడికి రాయి" అన్నారు.

రెండు సీసాలు పంపు. లేబుళ్లు మాత్రం నువ్వే ఊడదీసి పంపరా. మొదటి సీసాని, వచ్చిన రోజే, మామగారే పెరట్లో బకెట్లో నానబెట్టి అక్షరం మిగలకుండా గోకేశారు.

మీ అక్క