వీపుకు ఆనించిన చెవి

పద్మా,

నువ్వు లేని మొదటి సద్దుల బతుకమ్మ ఇది. నైవేద్యానికి సత్తుపొడి కోడలే దంచింది. అందులో పల్లీలు సరిగా నలగలేదు. గంతులేస్తూ తింటున్న మన మనవరాలు చిన్నికి పొలమారింది. ముఖం ఎర్రబడేదాకా దగ్గి, ఒక్కసారిగా ఆగింది.

"కడుపులకు దిగినట్టుంది మామా," అంది కోడలు.

"జర అరటిపండు పెట్టుండ్రి, ఉన్నా జారిపోతది," అంది పక్కింటి అవ్వ.

పిల్ల నవ్వుతూనే ఉంది. నాకే భయమేసింది. దానికి జలుబు చేసినప్పుడల్లా నువ్వు చేసినట్టు వీపుకు చెవి ఆనించాను. ఎడమవైపు గాలి ఆడుతోంది. కుడివైపు చప్పుడే లేదు. పండు పెట్టొద్దని చెప్పి, జనగామ నుంచి వరంగల్ దవాఖానకు తీసుకుపోయాం.

"గొంతుల వేలు పెట్టలేదు, ఏం తినిపియ్యలేదు. మంచిపని చేసిండ్రు," అన్నాడు డాక్టరు. మత్తిచ్చి, ఊపిరి దారిలోకి గొట్టం పంపి తీస్తానన్నాడు.

తలుపు మూసుకుంది. కోడలు నా చేయి వదల్లేదు.

"అత్తమ్మ అయితే మెత్తగ దంచేది మామా."



పల్లీబద్ద బయటికొచ్చింది. ఇంటికీ వచ్చేశాం.

"ఏం ఇనబడుతుంది తాతా?" అని అడుగుతోంది చిన్ని.

రెండువైపులా గాలి ఆడుతోంది పద్మా. అయినా చెవి తీయడానికి ధైర్యం చాలడం లేదు.