కిటికీకి అడ్డంగా లేచిన గోడ సంగతి

పట్టణ ప్రణాళిక అధికారి గారికి,
సర్కిల్ కార్యాలయం, హైదరాబాద్.

అర్జీదారు: తుకారాం, వయస్సు 66 సం., వృత్తి దర్జీ, నివాసం మైత్రీవనం వెనుక గల్లీ, అమీర్‌పేట.

అయ్యా,

విషయం: మా ఇంటి ఉత్తరపు హద్దు దాటి పక్కింటి విజయేందర్ గారు కట్టించిన గోడ గురించి, వచ్చే శుక్రవారం నాటి ఆఖరి విచారణకు ముందే తమరు చూడవలసిన విన్నపం.

పై విషయమై తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను సదరు ఇంట్లో ముప్పై ఒక్క సంవత్సరాలుగా కాపురం ఉంటున్నాను. కాపురం అనే మాట ఫారంలో ఉన్నది కాబట్టి రాశాను, నాకు పెండ్లి కాలేదు. మాది సిరిసిల్ల. మా వాళ్లు నేసేవారు, నేను కత్తిరిస్తాను. మా అమ్మ కమలవ్వ నాలుగేళ్ల క్రితం కాలం చేసింది. తమ ఫారంలో కుటుంబ సభ్యుల వివరాలకు ఆరు గళ్లు ఇచ్చారు. మొదటి గడిలో నా పేరు రాసి మిగిలిన అయిదింటినీ అడ్డంగా కొట్టేశాను. గీత కొంచెం వంకర పోయింది, మన్నించగలరు.

2. మా ఇంటికి, విజయేందర్ గారి ఇంటికి నడుమ మూడడుగుల సందు. అందులో సగం వారిది, సగం నాది, అనగా చెరి పద్దెనిమిది అంగుళాలు. నా కుట్టుమిషన్ ఉండేది ఆ సందు వైపు కిటికీ కింద. ఎదురుగా వారి వంటింటి కిటికీ. ముప్పై ఏండ్లు ఆ రెండు కిటికీల మధ్య జరిగిన వ్యవహారం తమ రికార్డుల్లో ఉండదు కనుక మనవి చేస్తున్నాను. వారి భార్య అనుపమ వదిన పొద్దున్నే "తుకారాం, ఇయ్యాల ఏం కూర?" అని అడిగేది. "ఇంకా అనుకోలే వదినా" అని నేను చెప్పేవాణ్ణి. నేను అనుకునే లోపల ఒక గిన్నె కిటికీలోంచి వచ్చేది. వారి కూతురు బడికి పోయిన మొదటి రోజు గౌను నుండి పెండ్లి జాకెట్టు దాకా అన్నీ నేనే కుట్టాను.

3. ఇట్లుండగా గత మార్చి నెలలో సదరు విజయేందర్ గారు పాత ఇల్లు కూలగొట్టించి, ఒక బిల్డర్‌తో కలిసి అయిదంతస్తుల హాస్టల్ మొదలుపెట్టారు. ఆ గోడ నా హద్దులోకి పదకొండున్నర అంగుళాలు వచ్చింది. నా కిటికీ రెక్కలు బయటికి తెరుచుకునేవి, ఇప్పుడు నాలుగు వేళ్లు తెరవంగానే ఇటుకకు తగిలి ఆగుతున్నాయి. నాకు పట్టపగలు లైటు వేసుకుంటే తప్ప సూదిలో దారం ఎక్కడం లేదు. తమ కార్యాలయం నుండి వచ్చిన ఒక ఉద్యోగి నా కొలతను ఒప్పుకోలేదు. మనుషుల నడుములు కొలిచే టేపుతో గోడలు కొలవరాదన్నారు. ఆ టేపు ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరి నడుము గురించీ అబద్ధం చెప్పలేదని, అందువల్ల నాకు కొందరు శత్రువులు కూడా అయ్యారని తెలియజేసుకుంటున్నాను.

4. నా మొదటి అర్జీని తమ సెక్షన్‌లోని యశస్విని మేడమ్ వాపసు చేశారు. అర్జీదారు ఆ ఇంట్లోనే ఉంటున్నాడని, హద్దు ఎక్కడున్నదో తమకు తెలుసునని, అయిదేళ్లకు తక్కువ కాకుండా గల్లీలో ఉంటున్న ఇద్దరు పంచులుగా, అనగా సాక్షులుగా, సంతకం చేయాలన్నారు. సబబైన మాటే. నేను ఇద్దరి కోసం బయలుదేరాను.

మా గల్లీలో పద్నాలుగు ఇండ్లు ఉండేవి. ఇప్పుడు పదకొండు హాస్టళ్లు, ఒక కర్రీ పాయింటు. మిగిలినవి నా ఇల్లు, కూలిన విజయేందర్ గారి ఇల్లు. హాస్టళ్లలో ఉండే పిల్లలు కోర్సు అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్లకు నా ముఖం తెలిసే లోపల వాళ్ల ముఖాలు మారిపోతాయి. ఎదురు హాస్టల్ మేనేజర్ తేజ అని గోదావరి వైపు నుండి వచ్చిన అతను మర్యాదస్తుడు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఏంటండీ, ఆ ఇల్లు మీదేనా? నేను ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆ కట్టే బిల్డింగుకి వాచ్‌మన్ అనుకుంటున్నానండీ" అన్నాడు. అతను వచ్చి రెండేళ్లయింది. నేను మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మాత్రం ఏడుపు వచ్చింది. అర్జీలో ఇది రాయవచ్చునో రాయకూడదో నాకు తెలియదు.

5. గత్యంతరం లేక నేను సదరు విజయేందర్ గారి దగ్గరికే పోయాను. అప్పటికి మా మధ్య మాటలు బందై రెండు నెలలు. వారు గల్లీ చివర ఒక గదిలో కిరాయికి ఉంటూ రోజూ వచ్చి పని దగ్గర ఇసుక కుప్ప పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేవారు. మా ఇద్దరి సంభాషణ ఉన్నదున్నట్టు మనవి చేస్తున్నాను.

"విజయేందరన్నా, జర ఒక సంతకం గావాలె."

"దేనికి?"

"నీ మీద అర్జీకి."

వారు కళ్లద్దాలు తుడుచుకొని మొత్తం చదివారు. రెండోసారి కూడా చదివారు.

"గీడ తప్పు రాసినవ్ తమ్మీ" అన్నారు. "పదకొండున్నర కాదు, పన్నెండు. నువ్వు కింద కొలిచినవ్. గోడ సక్కగ లేవలే. పైకి పోంగ అర ఇంచు నీ దిక్కు ఒరిగింది. పన్నెండని రాయి."

"మరి తెలిసి ఎందుకు కట్టించినవే?"

"నేను కట్టిస్తున్ననా? కాగితాల మీద సంతకం పెట్టి బిల్డర్ చేతుల వెట్టిన. ఇప్పుడు నా మాట ఎవడింటుండు? నువ్వన్నా అర్జీ పెట్టు, జర భయపడ్తడు."

నేను పన్నెండు అని దిద్దాను, వారు సంతకం చేశారు. అర్జీదారు తమకు ఎట్లా తెలుసు అనే గడిలో "ముప్పై ఒక్క ఏండ్ల సంది ఈయన మిషన్ సప్పుడుకే లేస్తున్న" అని రాశారు. అంతలో అనుపమ వదిన టీ తెచ్చింది. సంగతి విని "నా సంతకం సుత పెట్టిచ్చుకో, గీ గల్లీల ఇంకెవరున్నరు నీకు" అన్నది. ఈ ప్రకారం ప్రతివాదులే నాకు సాక్షులైనారు. యశస్విని మేడమ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, ప్రతివాది సాక్షి కాకూడదని రూల్సులో ఎక్కడా లేదు అని ముద్ర కొట్టారు. ఆమెకు నా నమస్కారాలు.

6. తదుపరి మొదటి విచారణ ఆగస్టులో పెట్టారు. నేను, విజయేందర్ గారు కలిసి ఒకే ఆటోలో పంజాగుట్ట మీదుగా తమ కార్యాలయానికి వచ్చి, వరండాలో ఒకే బల్ల మీద పదకొండు నుండి మూడు దాకా కూర్చున్నాము. తమరు మీటింగుకు పోయినందున వాయిదా పడింది. ఎండ తగ్గిందని నడుచుకుంటూ ఎర్రమంజిల్ దాకా పోయి, ఒక హోటల్లో టీ తాగి, మిర్చీ బజ్జీలు తిన్నాము. వారు తమ మోకాళ్ల నొప్పి గురించి, నేను నా కంటి పొర గురించి చెప్పుకున్నాము. దారిలో వారు, ఈ గోడ సంగతి తేలినా తేలకపోయినా కొంపల్లిలో కూతురు దగ్గరికి మారిపోతున్నామన్నారు. మెట్రో స్తంభాల కింద నిలబడి ఆ మాట విన్నాను. నాకు గోడ మీద ఉన్న కోపమంతా వారి మీదికి మళ్లింది. సెప్టెంబరు, అక్టోబరు విచారణలు కూడా అట్లాగే వాయిదా పడ్డాయి. మూడుసార్లూ మిర్చీలు తిన్నాము.

7. నిజం చెప్పుకుంటున్నాను. నేను మొదట అర్జీ పెట్టింది పన్నెండు అంగుళాల కోసం కాదు. పాత ఇల్లు కూలినప్పుడే వారు గల్లీ వదిలి పోతారని భయపడ్డాను, పని ఆగిపోతే పోకుండా ఉంటారేమో అనుకున్నాను. అది పిచ్చి ఆలోచనే. మొన్న ఆదివారం వారు సామాను ఒక చిన్న ట్రాలీలో వేసుకొని కొంపల్లి పోయారు. వదిన ఎక్కే ముందు, కిటికీ లేదు కనుక తలుపు దగ్గరికి వచ్చి ఒక గిన్నె ఇచ్చింది. వంకాయ కూర. గిన్నె కడిగి పెట్టాను, ఎట్లా వాపసు చేయాలో తెలియడం లేదు.

8. ఇప్పుడు తమ వద్ద నుండి నోటీసు వచ్చింది. గోడ అక్రమమని తేలిందట. బిల్డర్ దాన్ని వెనక్కు జరపడానికి ఒప్పుకున్నాడట. శుక్రవారం ఆఖరి విచారణ చేసి ఫైలు మూస్తారట. ఇంత న్యాయంగా ఒక కార్యాలయం పని చేయగా నేను ఎన్నడూ చూడలేదు. కానీ అయ్యా, గోడ కొట్టేస్తే నా కిటికీ తెరుచుకుంటుంది. తెరిచి ఎవరిని పిలవాలి? హాస్టల్ బాత్‌రూములు అటువైపే వస్తున్నాయి.

కావున తమరు దయతో ఈ క్రింది విధంగా ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. గోడను కొట్టించవద్దు. పోనీ కొట్టించినా సరే, నా అర్జీని మాత్రం పరిష్కరించవద్దు. ఇదివరకటి లాగానే నెలకొక వాయిదా వేయండి. మీటింగులు ఉంటే పోయి రండి, మేము బల్ల మీద కూర్చుంటాము. కొలత మీద అనుమానం ఉన్నదని రాసుకోవచ్చును. ఆ అర అంగుళం గురించి నేను ఎన్నిసార్లయినా అభ్యంతరం చెప్పగలను.

ఈ విన్నపాన్ని శుక్రవారం లోపల చూసి, అర్జీని మాత్రం తమరు తీరిక దొరికినప్పుడు చిత్తగించవలెను. నాకు తొందర లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
తుకారాం, దర్జీ

తా.క. నోటీసులో ప్రతివాది స్వయంగా రావలెను అని రాయించండి. లేకపోతే అల్లుడిని పంపుతాడు. పదకొండు గంటలకే పెట్టండి, కొంపల్లి నుండి బస్సులు మారి రావాలి కదా, మరీ పొద్దున అయితే మోకాళ్లు పట్టుకుంటాయి. నేను పిలిస్తే రాడని కాదు. వస్తాడు. ఊరికే రమ్మని ఒక మనిషిని పిలవడం నాకు ఈ అరవై ఆరేళ్లలో చేతకాలేదు. తమరైతే నోటీసు పంపుతారు.